వంతపాట – ఏకగానము



మన భాషలో ‘వంత’ అను చిన్న మాట యొకటి కలదు. ఒకరు ముందు పాడుచుండగా వెనుక నిలిచి గొంతు కలుపుటను వంత పాడుట యందుము. ఆ మాటకే దుఃఖమను అర్థమును గూడ నిఘంటువులు చెప్పుచున్నవి. ఈ రెండర్థములకును లోపల చుట్టరికమేమైన గలదో లేదో శాబ్దికులు తేల్చవలసిన సంగతి. నేడు నేను చెప్పబోవు కథలో మాత్రము ఆ రెండును ఒక్కచోటనే కలిసికొన్నవి.

అది అమెరికా దేశమున డెట్రాయిట్ నగరములో 1959లో పుట్టిన యొక బాలికల పాటమేళపు కథ. ఆ మేళమునుండి వెలువడి, ఒంటిగా పాడి, లోకప్రసిద్ధిగాంచిన డయానా రాస్ అను గాయని కథ. జీవితమంతయు వ్యాకరణమును ప్రబంధములను బోధించిన పంతులునకు పాప్ సంగీతముతో పనియేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ఆ పాటలను నాకు మొదట వినిపించినది మా మనుమరాలు. వానిలోని సంగీతమును తూచుటకు నాకు త్రాసు లేదు. కాని పలువురు కలిసి చేసిన పనినుండి ఒక్కరు పైకి లేచినప్పుడు, ఆ ఎత్తులో ఆమె వంతెంత, తక్కినవారి వంతెంత యను ప్రశ్న నాకు క్రొత్తది కాదు. పాఠశాలలో బహుమతులు పంచిన ప్రతి ఉపాధ్యాయునకును అది యెదురైనదే.

డెట్రాయిట్ మోటారుకార్ల నగరము. దక్షిణ రాష్ట్రములలో బ్రతుకు తెరువు దొరకక, అవమానములు భరింపలేక, వేలకొలది నల్లజాతి కుటుంబములు ఉత్తరమునకు వలసవచ్చి అచ్చటి కర్మాగారములలో పనికి కుదిరినవి. అట్టి కుటుంబములకై ప్రభుత్వము కట్టించిన బ్రూస్టర్-డగ్లస్ అను నివాసములలో మన కథలోని బాలికలు పెరిగిరి. ఫ్లారెన్స్ బల్లార్డ్ 1943లో డెట్రాయిట్ లోనే పుట్టినది. మేరీ విల్సన్ 1944 మార్చిలో మిసిసిపీ రాష్ట్రమున పుట్టి పసితనముననే ఆ నగరము చేరినది. డయానా రాస్ అదే మాసమున, 26వ తేదీని, డెట్రాయిట్ లో పుట్టినది.

ఆ నగరములో ‘ప్రైమ్స్’ అను యువకుల మేళ మొకటి యుండెను. దానికి జోడుగా బాలికల మేళ మొకటి యుండవలెనని వారి నిర్వాహకుడు తలచెను. మొదట నెన్నికైనది ఫ్లారెన్స్. ఆమెయే మేరీని పిలిచినది. పిదప డయానాయు, బెట్టీ మెక్గ్లౌన్ అను మరియొక బాలికయు చేరిరి. నలువురును కలిసి ‘ప్రైమెట్స్’ అని పేరు పెట్టుకొనిరి. మేళమునకు విత్తు వేసినది ఫ్లారెన్స్ అను ఈ సంగతిని శ్రోతలు మనసున నుంచుకొనవలెను.

అదే 1959లో ఆ నగరమున మరియొక పని యారంభమయ్యెను. బెర్రీ గోర్డీ అను యువకుడు, ఒకప్పుడు కార్ల కర్మాగారములో కూలిగా పనిచేసినవాడు, తన కుటుంబమువారి ఉమ్మడి నిధినుండి 800 డాలర్లు అప్పు తీసికొని గ్రామఫోను రికార్డుల వ్యాపారము పెట్టెను. అదియే తరువాత మోటౌన్ అని పేరుగాంచిన సంస్థ. వెస్ట్ గ్రాండ్ బూలెవార్డులోని ఒక సామాన్యమైన యింటిని కొని, క్రింది భాగమున పాటలు పట్టు గది నేర్పరచెను. కర్మాగారములో ఇనుప చట్రము ఒకరి చేతినుండి మరియొకరి చేతికి సాగుచు, తుదకు మెరయు కారై వెలువడుట ఆతడు చూచినాడు. పాటకును పాటకునికిని అదే పద్ధతి నేల వర్తింపజేయరాదని యాతని యూహ. ఒకరు పాట కట్టుదురు, ఒకరు వాద్యములు నడపుదురు, ఒకరు నడక నేర్పుదురు, ఒకరు మాట నేర్పుదురు. వారమున కొకసారి అందరును కూర్చుండి, ఏ పాట బయటికి పోదగునో ఏది పోదగదో తేల్చుదురు.

బాలికలు 1960లో ఆ యింటికి పోయి పాడి వినిపించిరి. ముందు బడిచదువు పూర్తి చేసికొని రండని గోర్డీ చెప్పెను. ఈ యొక్క మాటకు నాబోటి పంతులు ఆతనికి నమస్కరింపక తప్పదు. అయినను బాలికలు విడువక, బడి విడిచిన వెంటనే అచ్చటికి పోయి, ఇతరుల పాటలకు చప్పట్లు కొట్టుచు, వంత పాడుచు, కాచుకొని యుండిరి. 1961 జనవరిలో వారికి ఒడంబడిక దొరకెను. పేరు మార్చుకొనవలెనని సంస్థవారు కోరగా, పేళ్ల పట్టికనుండి ‘సుప్రీమ్స్’ అను దానిని ఏరినది ఫ్లారెన్స్. సర్వోత్తములని దాని యర్థము. 1962 నాటికి నాలవ స్థానము ఖాళీయై మేళము మువ్వురతో నిలిచినది.

పేరునకు తగిన ఫలము వెంటనే రాలేదు. 1961 మొదలు 1963 వరకు వారు పాడిన పాటలలో చాలవరకు ఒకటొకటిగ వెలువడి యొకటొకటిగ మరుగుపడినవి. వీరి రికార్డు లమ్ముడుపోవని సంస్థలోనే పరిహాసము బయలుదేరినది. డయానా బడిలో వస్త్రాలంకరణ విద్య నేర్చినది. 1962 జనవరిలో చదువు ముగించినది. గోర్డీ కార్యాలయమున కొంతకాలము ఉత్తరప్రత్యుత్తరముల పనియు చేసినది. పేరు వచ్చిన తరువాత ఈ యేండ్లను ఎవరును తలపరు. కాని విద్యార్థులకు నేను చెప్పదలచిన భాగ మిదియే. మూడేండ్లు అపజయమును భరించి, మరునాడు మరల అదే గదిలో నిలిచి పాడగలుగుట ఒక విద్య. ఆ విద్యలో మువ్వురును సమానులు.

ఇక గొంతుల మాట. మొదట మువ్వురును వంతులవారీగ ముందు నిలిచి పాడుచుండిరి. ఫ్లారెన్స్ గొంతు చర్చిపాటలతో పెరిగినది. బరువును బలమును గలది. 1961లో వచ్చిన యొక పాటలో ఆమెయే ముందు పాడినది. మేరీ గొంతు మృదువైనది, రెండు గొంతులను కలిపి యుంచగలది. డయానా గొంతు సన్ననిది, కొంచెము ముక్కున పలుకునది. కాని మాట మాటయు విడివిడిగ వినబడును. సభలో నెవ్వరి గొంతు గొప్పదని యడిగిన ఫ్లారెన్స్ దే యని పలువురు చెప్పిరి. అయినను గోర్డీ డయానాను ముందు నిలిపెను.

కారణము రేడియో. ఆనాటి యువతీయువకులు పాట వినినది సభలలో కాదు; చేతిపెట్టెలంతటి రేడియోలలోను, కార్లలో బిగించిన రేడియోలలోను. మోటౌన్ వారు తమ పాటలను కారు రేడియో వంటి చిన్న ధ్వనిపేటికపై వేసి పరీక్షించెడివారు. అట్టి చిన్నరంధ్రమునుండి గదిని నింపు గొంతు మసకబారును. సన్నని గొంతు సూదివలె దూరిపోవును. కావున డయానా యెన్నిక కేవలము పక్షపాతమని యనరాదు. అది వ్యాపారి చెవి చేసిన నిర్ణయము. గోర్డీకి ఆమెయందు అనురాగము కలిగిన సంగతి ఆతడే తన స్వీయచరిత్రలో నంగీకరించినాడు. ఆ రెండును కలిసినప్పుడు ఏది యెంతయని విడదీయుట కష్టము. విడదీయకున్నను, పాట ఫలించిన మాట నిజము.

1964లో హాలండ్ సోదరులును, డోజియర్ అను వారి సహచరుడును కట్టిన ‘వేర్ డిడ్ అవర్ లవ్ గో’ అను పాట వీరికి వచ్చినది. ఆ పాట వీరికి నచ్చలేదు. డయానాచేత అలవాటైన దానికన్న తగ్గు స్థాయిలో పాడించిరి. వెనుక ఇరువురకు మిగిలినది ఒక చిన్న పదమును మరల మరల పలుకుట మాత్రమే. ఆ వేసవిలో వారు పలువురు గాయకులతో కలిసి బస్సులో ఊరూర తిరుగుచు పాడుచుండగా, ఆగస్టు మాసమున ఆ పాట బిల్‌బోర్డ్ పత్రిక పట్టికలో మొదటి స్థానము నందినది. అది మొదలు వరుసగా ఐదు పాటలు మొదటి స్థానమున కెక్కినవి. 1964 మొదలు 1969 వరకు మొత్తము 12 పాటలు. బ్రిటను దేశపు బీటిల్స్ అమెరికాను ముంచెత్తుచున్న దినములలో డెట్రాయిట్ లోని బీదల నివాసములనుండి వచ్చిన ఆడపిల్లలు వారితో సరిసమానముగ నిలిచిరి.

ఇది కేవలము పాట విజయము కాదు. నల్లవారిని సార్వజనిక స్థలములలో వేరుచేయుట కూడదని శాసనము వచ్చినది ఆ 1964 జూలైలోనే. ఆ డిసెంబరులో ఎడ్ సల్లివన్ ప్రదర్శనము ద్వారా ఈ మువ్వురు దేశమందలి యిండ్లలో దూరదర్శనమున కనబడిరి. మాక్సీన్ పావెల్ అను ఆచార్యాణి వారికి నడకయు, కూర్చుండుటయు, మాటతీరును నేర్పినది. రాజమందిరములలో నిలువదగినట్లు మిమ్ము తీర్చుచున్నానని ఆమె శిష్యులతో చెప్పెడిది. చోలీ ఆట్కిన్స్ అను నాట్యవేత్త చేతుల కదలిక నేర్పెను. తమవంటి ముఖములను వంటయిండ్లలోను పనివారి పాత్రలలోను మాత్రమే తెరపై చూచుటకు అలవాటుపడిన నల్లజాతి బాలికలకు, రత్నకాంతులీను వస్త్రములతో గౌరవముగ నిలిచిన ఈ మువ్వురు ఎట్లు కనబడియుందురో మన మూహింపవచ్చును. ఆ దృశ్యమున ఒక్కరు కాదు, మువ్వురు నుండిరి. ఆ గౌరవము మువ్వురి కూడిక.

మాటవరుసకు మన బడులలోని సంగతి యొకటి చెప్పెదను. ఒకానొక పాఠశాల వార్షికోత్సవమున ముగ్గురు బాలికలు ప్రార్థన పాడిరి. కార్యక్రమ పత్రమున ఒక బాలిక పేరును, దాని ప్రక్కన ‘మఱియు ఇతరులు’ అను మాటయు అచ్చుపడినవి. తక్కిన ఇద్దరును ఆ కాగితమును చేతబట్టుకొని ఆ మాటవైపు చూచిన చూపు నేను చూచితిని. పాట చెడలేదు. తాళము తప్పలేదు. మరుసటి యేడు మాత్రము వా రిద్దరును పాటకు రాలేదు.

1967లో సుప్రీమ్స్ మేళమునకు జరిగినదియు అదియే. ఆ యేడు మధ్యలో మేళము పేరు ‘డయానా రాస్ అండ్ ది సుప్రీమ్స్’ అని మారినది. ముందు పేరున్న స్త్రీకి ఒక ధర, వెనుకనున్న మేళమునకు వేరొక ధర యడుగవచ్చును. ఆమె విడిపోయినను రెండు సరకులు మిగులును. వ్యాపారదృష్టిలో అది తెలివియైన పని. కాని ఫ్లారెన్స్ పెట్టిన పేరుతో, ఫ్లారెన్స్ మొదలుపెట్టిన మేళములో, ఫ్లారెన్స్ ‘తక్కినవారి’లో నొకతె యయ్యెను.

ఆమె తట్టుకొనలేకపోయినది. బాల్యావస్థ దాటుచుండగనే ఆమె ఒక దుండగుని యఘాయిత్యమునకు గురియైనది. ఆ గాయము ఆమె మనసును విడువలేదని మేరీ విల్సన్ తన గ్రంథమున వ్రాసినది. ప్రయాణముల యలసటయు, తన గొంతునకు చోటు తగ్గిపోవుటయు, మద్యపానమును కలిసి ఆమెను క్రుంగదీసినవి. ఆమె కొన్ని సభలకు రాకుండుటయు, వచ్చి సరిగ నిలువలేకుండుటయు జరిగిన మాట నిజమే. 1967 వేసవిలో లాస్ వేగాస్ నగరమున జరిగిన ప్రదర్శనములతో ఆమె సుప్రీమ్స్ జీవితము ముగిసినది. ఆమె స్థానమున సిండీ బర్డ్‌సాంగ్ వచ్చెను. 1968లో ఫ్లారెన్స్ సుమారు 1,40,000 డాలర్లు పుచ్చుకొని విడుదల పత్రముపై సంతకము చేసినది. తాను సుప్రీమ్స్ లో నుండినదానినని ప్రచారములో చెప్పుకొనరాదను షరతు అందున్నది. ధనము పోవుట ఒక నష్టము. తాను పెట్టిన పేరును తాను పలుకరాకుండుట వేరొక నష్టము. రెండవదానికి లెక్క కట్టు సంఖ్య లేదు.

ఆమె ఒంటిగా పాడిన రెండు రికార్డులు నిలువలేదు. సొమ్ము కరిగిపోయినది, ఇల్లు పోయినది, బిడ్డలతో ప్రభుత్వ సహాయముపై బ్రతుకవలసి వచ్చినది. 1975లో డెట్రాయిట్ లో ఒక సహాయార్థ సభలో ఆమె మరల పాడగా సభికులు హర్షధ్వానములు చేసిరి. తిరిగి లేచు దినములు వచ్చినవని పలువురు తలచిరి. 1976 ఫిబ్రవరి 22న, 32వ యేట, గుండెకు రక్తము చేరక ఆమె మరణించెను.

ఇక మేళము తుదిపాట సంగతి వినవలెను. 1969లో వెలువడిన ‘సమ్‌డే వీ విల్ బీ టుగెదర్’ వారి పన్నెండవదియు కడపటిదియు నగు మొదటిస్థానపు పాట. ఎప్పటికైనను మరల కలిసికొందుమని ఆ పేరు చెప్పుచున్నది. రికార్డుపై ముగ్గురి మేళము పేరున్నది. కాని దానిలో మేరీయు సిండీయు పాడలేదు. దానిని డయానా ఒంటిపాటగా వెలువరింప దలచిరి. వెనుక వినబడునవి కిరాయికి పిలిచిన వేరు గొంతులు. వియోగమునందు కూడ కలిసి పాడు భాగ్యము వారికి దొరకలేదు. అంతకుముందు 1968లో వచ్చిన ‘లవ్ చైల్డ్’ అను పాటయందును వెనుక పాడినవారు ఆండాంటీస్ అను వేరు స్త్రీలు. ఆ సంస్థలో ఎన్నియో ప్రసిద్ధమైన పాటలకు వెనుక గొంతు నిచ్చి, రికార్డుపై పేరైన లేక మిగిలినవా రా మువ్వురు. వంతకును వంత యున్నదన్నమాట.

1970 జనవరి 14న లాస్ వేగాస్ లో డయానా ఆ మేళముతో కడపటిసారి పాడి, తన చోటికి వచ్చు జీన్ టెరెల్ ను సభకు పరిచయము చేసి, సెలవు తీసికొనెను. ఇక ఆమెకు కిరీటము సిద్ధముగ నున్నదని మన మనుకొందుము. జరిగిన దట్లు కాదు. ఆమె తొలి ఒంటిపాట పట్టికలో 20వ స్థానమువద్ద ఆగినది. ఆమె విడిచివచ్చిన మేళము క్రొత్త గాయనితో వెలువరించిన తొలిపాట 10వ స్థానము చేరినది. మేళమే తన్ను మోసినదో, తానే మేళమును మోసినదో యను సందేహము ఆ నెలలలో ఆమెకు కలుగకుండునా?

ఆమె నిలిచినది. అదే సంవత్సరము ‘ఎయింట్ నో మౌంటెన్ హై ఎనఫ్’ అను పాటను చేపట్టినది. 1967లో మార్విన్ గే, టామీ టెరెల్ పాడి ప్రసిద్ధముచేసిన పాట అది. దానిని ఆమె వేరు త్రోవ పట్టించి, చాలవరకు మాటగా మెల్లగ చెప్పుచు, కట్టకడపట మాత్రము గొంతెత్తి పాడినది. సన్నని గొంతునకు బలము లేదన్నవారికి అది సమాధానము. తన గొంతులో లేనిదానికై ఆమె ప్రాకులాడలేదు. ఉన్నదానిని దాచి దాచి చివర ఖర్చుపెట్టినది. 1970 సెప్టెంబరులో ఆ పాట మొదటి స్థానమున నిలిచెను. 1972లో బిల్లీ హాలిడే అను పూర్వగాయని జీవితమును చిత్రించిన ‘లేడీ సింగ్స్ ది బ్లూస్’ లో నటించి, ఉత్తమనటి ఆస్కారునకు పేరు సూచింపబడినది. నటనలో అంతకుముందు పెద్ద అనుభవము లేని స్త్రీకి అది చిన్న సంగతి కాదు.

1980లో నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ అను వారితో ‘అప్‌సైడ్ డౌన్’ పాడి క్రొత్త తరపు నాట్యశాలలను గెలిచెను. 1981లో లయొనెల్ రిచీతో కలిసి పాడిన ‘ఎండ్‌లెస్ లవ్’ తొమ్మిది వారములు మొదటి స్థానమున నుండెను. ఆ యేడే ఇరువదియేండ్ల మోటౌన్ బంధమును విడిచి వేరు సంస్థకు పోయినది. తన్ను ముందు నిలిపిన చేతినే విడిచి నడువగలనని చూపుట ఆమెకును అవసరమైనట్లున్నది. 1983 జూలై 21న న్యూయార్కు నగరపు సెంట్రల్ పార్కులో లక్షలాది జనుల యెదుట పాడుచుండగా ఘోరమైన గాలివాన వచ్చినది. ఆమె వానలో తడియుచు నిలిచి, జనులు తొక్కిసలాటలేక మెల్లగా ఇండ్లకు పోవునట్లు మాటలతో నడిపించి, మరునాడు మరల వచ్చి పాట పూర్తిచేసెను. ఆ దృశ్యమును చూచినవారెవ్వరును ఆమె కీర్తి యొక వ్యాపారి కృత్రిమముగ చేసిన బొమ్మ యని యనలేరు.

కావున నా నిర్ణయమును రెండు ముక్కలుగ చెప్పెదను. డయానా మేళమును విడిచి పోవుట తప్పు కాదు. రెక్కలు వచ్చిన పక్షిని గూటిలో కట్టివేయుట ధర్మము కాదు. ఆమె శ్రమయు, పట్టుదలయు, తన గొంతు నెరిగిన తెలివియు ఆమెవే. ఇది మొదటి ముక్క. పోవుటకు ముందే తక్కినవారి పేళ్లు మరుగుపరచుట, పాడనివారి పేరున పాట వెలువరించుట, పెట్టిన పేరును పెట్టినవారికే నిషేధించుట న్యాయము కాదు. ఇది రెండవ ముక్క. మొదటిది నిజమైనంత మాత్రమున రెండవది అబద్ధము కానేరదు. లోకమున తగవులాడువారు ఈ రెంటిలో నొకదానిని పట్టుకొని రెండవదానిని విడుతురు. ఒకరు ఆమెను దేవత యందురు. ఒకరు స్వార్థపరురా లందురు. ఇద్దరును సగము పాటయే వినుచున్నారు.

మేరీ విల్సన్ ఈ సంగతిని బాగుగ గుర్తించినది. ఆమె 1977లో మేళము చాలించువరకు అందుండి, 1986లో తమ కథను గ్రంథముగ వ్రాసినది. అటుపిమ్మట, పూర్వగాయకులలో నొక్కరైన లేని క్రొత్తవారు పాత మేళముల పేళ్లు పెట్టుకొని జనులను మోసపుచ్చకుండ శాసనములు రావలెనని అనేక రాష్ట్రములలో పాటుపడినది. శాసనములు వచ్చినవి. తన జీవితమంతయు వెనుక వరుసలో నిలిచిన స్త్రీ కడకు పోరాడినది ధనముకొరకు కాదు, పేరునకుగల నిజముకొరకు. 2021 ఫిబ్రవరి 8న ఆమె పరలోకగతురాలయ్యెను.

డయానా రాస్ కు 2016లో అమెరికా అధ్యక్షుడు ఒబామా దేశపు అత్యున్నత పౌరపతకము నిచ్చెను. 2024లో ఆమెకు ఎనుబది యేండ్లు నిండినవి. గ్రామీ సంస్థవారు జీవితసాఫల్య గౌరవమును 2012లో ఆమె కొక్కతెకే ఇచ్చిరి. 2023లో సుప్రీమ్స్ మేళమునకు ఇచ్చిరి. ఈ రెండవసారి గౌరవ పట్టికలో ఫ్లారెన్స్ బల్లార్డ్, డయానా రాస్, మేరీ విల్సన్ అను మూడు పేళ్లును ఒక్క వరుసలో నిలిచినవి. అప్పటికి ఇద్దరు లేరు. ఆలస్యమైనను సరియైన పద్ధతి యదియే.

‘వంత’ అను మాట ప్రక్కనే మన భాషలో ‘వంతు’ అను మాట కూడ కలదు. వంత పాడినవారికి వారి వంతు ఇచ్చినచో వంత మిగులదు. అది రికార్డుల సంస్థలే చేయవలసిన పని కాదు, వినువారమును చేయవలసినదే. మన చెవి సోమరిది. ఒక్క పేరు దొరికిన చాలునని తృప్తిపడును. ఈసారి ఏ మేళపు పాటయైన మీ చెవిని బడినప్పుడు ముందు గొంతును కొంచెము ప్రక్కకు నెట్టి, వెనుకనున్న గొంతును పట్టుకొని పాట చివరివరకు పొండు. ఆ గొంతు ఎవరిదని యడుగుడు. మీ యింటిలో ఆడపిల్లలు కలిసి పాడునప్పుడు, కాగితముపై అందరి పేళ్లును వ్రాయుడు. రెండు పేళ్లు ఎక్కువ వ్రాయుటకు పట్టు సిరా ఏపాటిది?